బ్రేక్ ముందా, క్లచ్ ముందా? మాన్యువల్ కారులో గేర్లు, బ్రేకులు, తిరుమల ఘాట్

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఇన్నాళ్ళూ స్కూటీ తప్ప వేరే బండి నడపలేదు. డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకుని, లైసెన్స్ వచ్చాక సెకండ్ హ్యాండ్‌లో 1200 సీసీ పెట్రోల్ కారు తీసుకున్నారు. స్కూల్లో "బ్రేక్ వేసే ముందు క్లచ్ తొక్కాలమ్మా, లేకపోతే ఇంజన్ ఆగిపోద్ది" అని నేర్పారు. మీ బావగారేమో ముందు బ్రేకే తొక్కాలి, క్లచ్ చివర్లో చాలు అంటున్నారు. ఈ రెండింటి మధ్య కాళ్ళు తడబడి సిగ్నల్స్ దగ్గర బండి ఆగిపోతోంది, వెనకవాళ్ళు హారన్లు కొడుతున్నారు. పైగా వచ్చే నెల ఇంట్లోవాళ్ళందరితో అదే కారులో తిరుమల వెళ్ళాలి. ఘాట్ మీద ఏ గేర్‌లో వెళ్ళాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

బావగారు చెప్పిందే కరెక్ట్. కాకపోతే ఆయన సగమే చెప్పారు. మిగతా సగం నేను చెబుతాను. చాలా ఏళ్ళు ట్రావెల్స్ బండ్లు నడిపి, ఇప్పుడు మీలా లైసెన్స్ ఉండి కూడా రోడ్డెక్కడానికి జంకేవాళ్ళకు వాళ్ళ సొంత కార్ల మీదే నేర్పుతున్నాను కాబట్టి ఈ ప్రశ్న నాకు బాగా అలవాటైనదే.

ముందు స్కూల్ వాళ్ళు అలా ఎందుకు నేర్పుతారో చెబుతాను, వాళ్ళను తిట్టుకోకండి. నేర్పే కారులో పక్క సీటు ముందు కూడా క్లచ్, బ్రేక్ పెడల్స్ ఉంటాయి. మీరు తొక్కాననుకున్న బ్రేక్‌లో సగం పక్కన కూర్చుని నేర్పే ఆయన తొక్కిందే అయ్యుంటుంది. క్లచ్ ముందే తొక్కిస్తే కారు ఆగిపోదు, జర్క్ ఇవ్వదు, నడిరోడ్డు మీద మళ్ళీ స్టార్ట్ చేసే గొడవ ఉండదు. కాలనీ రోడ్డులో 20 స్పీడ్‌లో అలా చేస్తే పెద్ద నష్టం కూడా ఏమీ లేదు. అదే అలవాటు 60 స్పీడ్‌లో హైవే మీద, వాలులో, వానలో కూడా కొనసాగితేనే చిక్కు. బైక్ మీంచి కారుకు వచ్చిన మగవాళ్ళలో కూడా ఇది చూస్తుంటాను. బైక్ మీద క్లచ్, బ్రేక్ కలిపి పట్టడం అలవాటై, కారులోనూ రెండు కాళ్ళూ ఒకేసారి దిగిపోతాయి.

క్లచ్ తొక్కగానే ఇంజన్‌కీ చక్రాలకీ సంబంధం తెగిపోతుంది. గేర్‌లో ఉన్న కారు యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే దానంతటదే నెమ్మదించడం మీరు గమనించే ఉంటారు. చక్రాలు ఇంజన్‌ను తిప్పాల్సి వస్తుంది కాబట్టి ఇంజన్ వాటిని వెనక్కి లాగి పడుతుంది. దీన్నే ఇంజన్ బ్రేకింగ్ అంటారు. మీరు ముందే క్లచ్ తొక్కితే ఈ సాయం పోతుంది, మొత్తం భారం బ్రేకుల మీదే పడుతుంది. క్లచ్ తొక్కగానే కారు ఒక్కసారి వదిలేసినట్టు ముందుకు జారినట్టనిపిస్తుంది చూడండి, అది భ్రమ కాదు.

మరి క్లచ్ ఎప్పుడు తొక్కాలి? ఇంజన్ ఆగిపోయే వేగానికి కారు వస్తోందనుకున్నప్పుడు. పెట్రోల్ ఇంజన్ ఖాళీగా తిరిగేటప్పుడు సాధారణంగా 700 నుంచి 900 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) మధ్య ఉంటుంది. దానికన్నా కిందికి లాగితే గింజుకుని ఆగిపోతుంది. మీ కారులాంటి చిన్న కార్లలో ఆ హద్దు సుమారుగా ఇలా ఉంటుంది: ఐదో గేర్‌లో 25 కిలోమీటర్ల వేగం, నాలుగో గేర్‌లో 20 పైచిలుకు, మూడులో 15-17, రెండులో 10-12, ఒకటిలో ఐదారు. అంటే నాలుగో గేర్‌లో 50లో వెళ్తున్నప్పుడు బ్రేక్ వేస్తే, 50 నుంచి 25 దాకా ఎడమ కాలికి అసలు పనే లేదు. క్లచ్ తొక్కకపోతే బండి ఆగిపోతుందన్న భయం ఆ వేగంలో అనవసరం.

ఈ అంకెలు బట్టీ పట్టక్కర్లేదు. స్పీడోమీటర్ చూస్తూ బ్రేక్ వేయడం ఎవరివల్లా కాదు. చెవితో, సీటుతో తెలుసుకోవాలి. వేగం తగ్గేకొద్దీ ఇంజన్ శబ్దం బొంగురుపోతుంది, స్టీరింగ్‌లో సన్నగా వణుకు మొదలవుతుంది. ఆ వణుకు రాబోతోందనగా క్లచ్ తొక్కేయండి. వారం రోజులు రేడియో ఆపేసి నడపండి, అదే పట్టుబడుతుంది.

ఇక్కడ రెండు సందర్భాలను వేరుగా చూడాలి. కొత్తవాళ్ళు వీటిని కలిపేసుకుని కంగారు పడతారు.

మొదటిది పూర్తిగా ఆగడం. ముందు రెడ్ సిగ్నల్ పడింది, మీరు నాలుగో గేర్‌లో ఉన్నారు. యాక్సిలరేటర్ వదిలేయండి, బ్రేక్ మెత్తగా మొదలుపెట్టి పెంచండి, 25 దగ్గర క్లచ్ తొక్కండి, బండి ఆగుతుండగా న్యూట్రల్ చేయండి. అంతే. నాలుగు నుంచి మూడు, మూడు నుంచి రెండు, రెండు నుంచి ఒకటి అని మెట్లు దిగినట్టు దిగక్కర్లేదు. అలా దిగితే తప్పేం లేదు గానీ ప్రతి సిగ్నల్‌కీ ఆ కసరత్తు చేస్తే మీ కాలు, క్లచ్ ప్లేట్ రెండూ అరిగిపోతాయి. బ్రేక్ ప్యాడ్లు మార్చడం గంట పని. క్లచ్ ప్లేట్ మార్చాలంటే గేర్‌బాక్స్ కిందికి దింపాలి. ఏది అరిగితే నష్టం తక్కువో మీరే లెక్క వేసుకోండి.

రెండోది ఆగకుండా నెమ్మదించి మళ్ళీ వెళ్ళడం. స్పీడ్ బ్రేకర్, మలుపు, రోడ్డు మీదికి వచ్చిన గేదె, ఏదైనా కావచ్చు. ముందు బ్రేక్‌తో కావలసిన వేగానికి రండి. ఆ తర్వాత క్లచ్ తొక్కి ఆ వేగానికి సరిపడే గేర్ వేయండి. నాలుగు నుంచి నేరుగా రెండుకు రావచ్చు, మధ్యలో మూడు వేయాలన్న రూలేమీ లేదు. అయితే వేగం రెండో గేర్‌కు తగ్గట్టు తగ్గాకే. 50లో ఉండగా రెండో గేర్ వేసి క్లచ్ టక్కున వదిలితే ఇంజన్ ఒక్కసారి అరుస్తుంది, ముందు చక్రాలు పట్టేసినట్టయి బండి ఊగుతుంది. వాన నీళ్ళ మీద అయితే జారిపోతుంది కూడా. కింది గేర్ వేశాక క్లచ్ వదిలేటప్పుడు యాక్సిలరేటర్ మీద బొటనవేలితో నొక్కినంత రేజ్ ఇస్తే జర్క్ లేకుండా కలుస్తుంది. ఇది చేత్తో చూపిస్తే నిమిషంలో అర్థమవుతుంది, రాతలో కష్టమే. ఒకసారి రేజ్ ఇవ్వకుండా, ఒకసారి ఇచ్చి చేసి చూడండి, తేడా నడుముకు తెలుస్తుంది.

మలుపుల దగ్గర ఒక్క జాగ్రత్త. బ్రేక్ పని, గేర్ పని రెండూ స్టీరింగ్ తిప్పక ముందే అయిపోవాలి. మలుపు మధ్యలో ఒక చేయి గేర్ మీద, కాలు క్లచ్ మీద ఉంటే బండి మీ అదుపులో సగమే ఉన్నట్టు.

ఇక సిగ్నల్ దగ్గర బండి ఆగిపోవడం. దీనికి బ్రేక్‌తో సంబంధం లేదు, క్లచ్ పట్టే చోటు మీ కాలికి ఇంకా తెలియకపోవడమే కారణం. ఆదివారం పొద్దున్నే ఖాళీగా ఉన్న స్థలానికి వెళ్ళండి, చదునుగా ఉండాలి. ఒకటో గేర్ వేసి, యాక్సిలరేటర్ అసలు ముట్టుకోకుండా, మడమ నేలకు ఆనించి క్లచ్ మెల్లగా వదలండి. ఒకచోట ఇంజన్ శబ్దం కాస్త కిందికి దిగుతుంది, బానెట్ ఒక్క పిసరు పైకి లేచినట్టవుతుంది, కారు కదలడానికి చూస్తుంది. అక్కడ కాలు ఆపండి. రెండు క్షణాలు అలాగే ఉంచితే కారు పాక్కుంటూ బయల్దేరుతుంది. అప్పుడు మిగతాది వదిలేయండి. ఇప్పటి కార్లలో ఇంజన్ ఆగిపోబోతుంటే కంప్యూటరే కాస్త పెట్రోల్ పెంచి నిలబెడుతుంది కాబట్టి చదునులో రేజ్ లేకుండానే బండి కదులుతుంది. బండి ఆపేది క్లచ్ వదలడం కాదు, ఆ పట్టే చోట ఆగకుండా కాలు పైకి లాగేయడం. వెనక హారన్ కొట్టినప్పుడల్లా కాలు అదిరి పైకి వచ్చేస్తోంది, అంతే మీ సమస్య. హారన్ కొట్టేవాళ్ళు మీరు బాగా నడిపినా కొడతారు. హైదరాబాద్‌లో సిగ్నల్ ఇంకా గ్రీన్ పడక ముందే మొదలవుతుంది.

సీటు కూడా ఒకసారి చూసుకోండి. క్లచ్ నేలదాకా తొక్కినప్పుడు కూడా మోకాలు కాస్త వంగే ఉండాలి. చాచుకుని అందుకోవాల్సి వస్తే కాలికి ఆ సన్నటి అదుపు రాదు. వెనక పట్టీ లేని చెప్పులు వద్దు. ఒరిజినల్ మ్యాట్ మీద ఇంకో మ్యాట్ వేసుంటే తీసేయండి, అది జరిగి పెడల్ కిందికి దూరుతుంది. నీళ్ళ బాటిల్ డ్రైవర్ కాళ్ళ దగ్గరికి దొర్లే చోట పెట్టనివ్వకండి. ఇవి చిన్న విషయాల్లా కనిపిస్తాయి గానీ బ్రేక్ పెడల్ కింద బాటిల్ పడిందంటే ఈ జవాబులో రాసిన మిగతాదేదీ పనికిరాదు.

గేర్ రాడ్ గురించి. చాలామంది దాన్ని గట్టిగా పిడికిలితో పట్టుకుని బలం పెడతారు. న్యూట్రల్‌లో వదిలేస్తే ఆ రాడ్ దానంతటదే మధ్యకు, అంటే మూడు-నాలుగు గేర్ల దారిలోకి వచ్చి నిలబడుతుంది. లోపల స్ప్రింగ్ ఉంటుంది. కాబట్టి రెండు నుంచి మూడుకు వెళ్ళేటప్పుడు ముందుకు తోసి మధ్యలో కాస్త వదులు చేస్తే చాలు, స్ప్రింగే పక్కకు తెస్తుంది, ఇక ముందుకు తోయడమే. ఐదు నుంచి నాలుగుకు వచ్చేటప్పుడైతే మరీ జాగ్రత్త. కంగారులో రాడ్‌ను మీ నుంచి అవతలికి నెట్టి కిందికి లాగితే నాలుగుకు బదులు రెండో గేర్ పడొచ్చు. 100లో రెండో గేర్ పడి క్లచ్ వదిలితే ఇంజన్ తట్టుకోలేనంత వేగంగా తిరుగుతుంది. అక్కడ ఏ కంప్యూటరూ కాపాడదు, ఎందుకంటే ఇంజన్‌ను తిప్పుతున్నది పెట్రోల్ కాదు, చక్రాలు. ఐదు నుంచి నాలుగుకు అరచేయి తెరిచి, వేళ్ళతో తిన్నగా వెనక్కి లాగండి. గేర్ మార్చాక చేయి రాడ్ మీద ఆనించి ఉంచకండి, స్టీరింగ్ మీదికి తెచ్చేయండి.

ఎక్కించేటప్పుడు ఏ వేగానికి ఏ గేర్ అంటే, 15-20 దగ్గర రెండు, 30 దగ్గర మూడు, 40-45 దగ్గర నాలుగు, 55-60 దగ్గర ఐదు. ఇది చదును రోడ్డుకు. మైలేజీ కోసం 35లోనే ఐదో గేర్ వేసి, ఇంజన్ గడగడమంటున్నా పట్టించుకోనివాళ్ళు చాలామంది ఉన్నారు. అలా లోడ్ పెట్టి లాగిస్తే మైలేజీ రాదు సరికదా, అవసరమైనప్పుడు బండికి పికప్ ఉండదు. రివర్స్ గేర్ మాత్రం బండి పూర్తిగా ఆగాకే. కరకరమంటే క్లచ్ తొక్కి రెండు క్షణాలాగి వేయండి.

క్లచ్ పెడల్ మీద కాలు పెట్టుకుని నడిపే అలవాటు మీకుందో లేదో నాకు తెలీదు, కొత్తవాళ్ళలో దాదాపు అందరికీ ఉంటుంది. కాలు బరువుకే క్లచ్ కొద్దిగా జారుతూ ఉంటుంది, ప్లేట్ అరుగుతుంది, క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగ్ పోతుంది. పని లేనప్పుడు ఎడమ కాలు పక్కన నేల మీద ఉండాలి. ట్రాఫిక్‌లో ముందు కారును అంటుకుని అడుగడుగుకీ కదలకండి. కాస్త ఖాళీ వదిలి, ఒకటో గేర్‌లో క్లచ్ పూర్తిగా వదిలేసి, రేజ్ లేకుండా పాకిస్తూ పోండి. మధ్యలో ఎవడో ఆటోవాడు దూరతాడు, దూరనివ్వండి.

అర్జెంటుగా ఆపాల్సి వస్తే ఇప్పటిదాకా చెప్పిన వరసంతా మర్చిపోండి. ముందుకు పిల్లవాడు పరిగెత్తుకొచ్చాడు, అప్పుడు గేర్ల గురించి ఆలోచించే టైం ఉండదు. బ్రేక్ ఎంత బలముంటే అంత బలంగా తొక్కండి, దాంతోపాటే క్లచ్ కూడా. బండి ఆగిపోయినా పర్లేదు. మీ కారు 2019 ఏప్రిల్ తర్వాత తయారైంది అయితే ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు పట్టేయకుండా చూసే ఏర్పాటు) ఉండి తీరుతుంది. అంతకుముందుదైతే తాళం తిప్పినప్పుడు మీటర్‌లో ఏబీఎస్ లైటు వెలిగి ఆరుతుందేమో చూడండి. ఏబీఎస్ పనిచేసేటప్పుడు పెడల్ కాలి కింద టకటకా కొట్టుకుంటుంది, గరగరమని శబ్దం వస్తుంది. తెలియనివాళ్ళు ఏదో విరిగిందనుకుని కాలు తీసేస్తారు. తీయకూడదు, వదిలి వదిలి తొక్కకూడదు. అలాగే తొక్కిపెట్టి ఖాళీ ఉన్న వైపుకు స్టీరింగ్ తిప్పండి, తిరుగుతుంది. అది ఉన్నదే అందుకు. ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేనప్పుడు, 40లో ఒకసారి కావాలని ఇలా చేసి చూడండి. ఆ టకటకలు ఎలా ఉంటాయో ముందే తెలిస్తే అసలు సమయంలో కాలు వెనక్కి రాదు.

దూరం లెక్క కూడా ఒకటి చెబుతాను. మనిషి చూసి, కాలు బ్రేక్ మీదికి వెళ్ళేసరికి సుమారు ఒక సెకను పోతుంది. 60లో ఆ సెకనులోనే కారు దాదాపు 17 మీటర్లు పోతుంది, ఆ తర్వాత పొడి రోడ్డు, మంచి టైర్లు ఉంటే ఆగడానికి ఇంకో 20. మొత్తం 37. అదే 80లో అయితే 22, పైన 35, మొత్తం 57 మీటర్లు. వేగం పెరిగింది మూడో వంతే, ఆగే దూరం ఒకటిన్నర రెట్లు దాటింది. తడి రోడ్డు మీద ఇంకా ఎక్కువ.

ఇక తిరుమల. నిజానికి మీరు భయపడుతున్నంత కష్టమైన ఘాట్ కాదది. ఎక్కడానికి ఒక రోడ్డు, దిగడానికి వేరే రోడ్డు కాబట్టి ఎదురు బండ్ల బెడద ఉండదు. అరకు వైపో, మారేడుమిల్లి వైపో, శ్రీశైలం అడవిలోనో అయితే ఎదురుగా లారీ వస్తుంటే సన్నటి మూల మలుపులో తప్పుకోవాలి. అలాంటి చోట ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలన్నది రూలు కూడా. తిరుమలలో ఆ గొడవ లేదు.

ఎక్కేటప్పుడు సూత్రం ఒక్కటే. వేగం చచ్చిపోయాక కింది గేర్ వేయకండి, చచ్చిపోబోతుండగా వేయండి. మూడో గేర్‌లో యాక్సిలరేటర్ నొక్కుతున్నా బండి పుంజుకోవడం లేదంటే వెంటనే రెండు. ఎత్తు మీద క్లచ్ తొక్కిన క్షణం నుంచే బండి వేగం కోల్పోతుంది కాబట్టి గేర్ మార్పు చకచకా అయిపోవాలి. మూల మలుపుల్లో ముందు బండి ఆగినంత పని చేస్తే రెండు కూడా లాగదు, మొహమాటపడకుండా ఒకటి వేయండి. ఐదుగురు మనుషులు, లగేజీ, ఏసీ ఉంటే 1200 సీసీ ఇంజన్‌కు బరువే. మరీ నిటారుగా ఉన్నచోట కాసేపు ఏసీ కట్టేస్తే తేడా తెలుస్తుంది. ఇంజన్ 3000 ఆర్‌పీఎంలో గట్టిగా శబ్దం చేస్తుంటే పాడైపోతుందని భయపడకండి. ఆ శబ్దం కన్నా పై గేర్‌లో గింజుకునే శబ్దమే చెడ్డది.

ఎత్తు మీద ఆగి మళ్ళీ కదలాల్సి వస్తే హ్యాండ్ బ్రేక్ వాడండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు, చేయి తిరిగిన లారీ డ్రైవర్లూ వాడతారు. ఆగగానే హ్యాండ్ బ్రేక్ లాగండి. కదిలేటప్పుడు ఒకటో గేర్ వేసి, కాస్త ఎక్కువ రేజ్ ఇచ్చి, క్లచ్ పట్టే చోటిదాకా వదలండి. బానెట్ పైకి లేచి, బండి వెనక భాగం కిందికి కూర్చున్నట్టవుతుంది. అప్పుడు హ్యాండ్ బ్రేక్ బటన్ నొక్కి దించండి. బండి అంగుళం కూడా వెనక్కి పోదు. జూబ్లీహిల్స్ లోపలి రోడ్లలో దీనికి కావలసినన్ని ఎత్తులున్నాయి, మీది హైదరాబాదే అయితే తెల్లవారుజామున అక్కడ సాధన చేయండి. ఏ ఊరైనా ఫ్లైఓవర్ మొదలు దగ్గర రద్దీ లేని సమయంలో చేయొచ్చు. వద్దన్నది ఒకటే: ట్రాఫిక్ కదిలేదాకా బ్రేక్ లేకుండా హాఫ్ క్లచ్ (క్లచ్ సగం వదిలి), రేజ్ మీద బండిని ఎత్తులో నిలబెట్టడం. చూడ్డానికి గొప్పగానే ఉంటుంది. నాలుగు నిమిషాల్లో కాలిన వాసన వస్తుంది, అది మీ క్లచ్ ప్లేట్.

దిగడంలోనే అసలు విషయం ఉంది. చదునులో బ్రేక్ ముందు, గేర్ తర్వాత అన్నాను. వాలులో వరస తిరగబడుతుంది. వాలు మొదలవక ముందే గేర్ వేసుకోవాలి. ఏ గేర్‌లో ఎక్కామో ఆ గేర్‌లోనే దిగాలని డ్రైవర్లు అనేది అందుకే. దిగడానికి వాడే పాత ఘాట్ రోడ్డు 1944లో తెరిచింది, సుమారు 19 కిలోమీటర్లు, మలుపులు బాగా ముడుచుకుని ఉంటాయి. ఇంత సమయానికి ముందు కిందికి చేరకూడదని దేవస్థానం వాళ్ళు నియమం పెట్టారు. ఇన్నాళ్ళూ అమల్లో ఉన్న లెక్క 40 నిమిషాలు, ముందే వస్తే జరిమానా. 19 కిలోమీటర్లు 40 నిమిషాల్లో అంటే సగటున గంటకు 28. మీ కారు రెండో గేర్‌లో 28 అంటే ఇంజన్ దాదాపు 2000 ఆర్‌పీఎం, వెనక్కి పట్టి లాగడానికి బలం చాలినంత ఉంటుంది. అదే 28 మూడో గేర్‌లో అయితే 1400 లోపు, పట్టు పెద్దగా ఉండదు, పని మొత్తం బ్రేకులకు వెళ్ళిపోతుంది. కాబట్టి కొండ మీద చెక్‌పోస్ట్ దాటగానే రెండో గేర్ వేసి కిందిదాకా దాదాపు అందులోనే ఉండండి. వాలు తగ్గిన చోట మూడు వేసినా, మళ్ళీ వాలు కనబడగానే రెండు.

రెండో గేర్‌లో ఉన్నా బ్రేక్ అవసరం పడుతుంది. అదెలా వేస్తారన్నది ముఖ్యం. పెడల్ మీద కాలు ఆనించి కిలోమీటర్ల కొద్దీ సన్నగా తొక్కుతూ దిగకండి. వేగం 35కు వచ్చిందా, గట్టిగానే తొక్కి 20-25కు తెచ్చి, కాలు పూర్తిగా తీసేయండి. మళ్ళీ 35 అయినప్పుడు మళ్ళీ అంతే. తొక్కడానికీ తొక్కడానికీ మధ్య ఖాళీలో గాలి తగిలి బ్రేక్ డిస్కులు చల్లబడతాయి. ఆనించి పెడితే చల్లబడే అవకాశమే ఉండదు, ప్యాడ్ వేడెక్కి పట్టు కోల్పోతుంది. వేడి ఇంకా పెరిగితే బ్రేక్ ఆయిల్ మరుగుతుంది. పైపుల్లో బుడగలు చేరి పెడల్ మెత్తగా నేలదాకా పోతుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకునే రకం. డాట్ 4 అనే రకం కొత్త బ్రేక్ ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టినదానికి ఆ కనీస హద్దు 155కే పడిపోతుంది. సెకండ్ హ్యాండ్ కారు అన్నారు కాబట్టి ఇది మరీ మీకోసం. ఆ ఆయిల్ ఎప్పుడు మార్చారో పాత ఓనర్‌కు కూడా తెలిసుండదు. వెళ్ళే ముందు మార్పించేయండి, సాధారణంగా రెండేళ్ళకోసారి మార్చాల్సిందే.

న్యూట్రల్ చేసి దిగితే పెట్రోల్ మిగులుతుందని మీ కారులో పెద్దవాళ్ళెవరో ఒకరు తప్పకుండా చెబుతారు. కార్బురేటర్ కార్ల కాలంలో ఆ మాటకు కొంత అర్థముండేది. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజన్ గేర్‌లో ఉండి, మీరు యాక్సిలరేటర్ వదిలేసి వాలులో దిగుతుంటే పెట్రోల్ పూర్తిగా ఆపేస్తుంది. చక్రాలే ఇంజన్‌ను తిప్పుతున్నాయి, దానికి పెట్రోల్ ఎందుకు? న్యూట్రల్ చేస్తే మాత్రం ఇంజన్ ఆగిపోకుండా ఉండడానికి పెట్రోల్ పోస్తూనే ఉండాలి. అంటే న్యూట్రల్‌లోనే ఎక్కువ ఖర్చు. ఇంజన్ కట్టేసి దిగడం ఇంకా ఘోరం. బ్రేక్ తేలిగ్గా పడడానికి సాయం చేసే వ్యాక్యూమ్ ఇంజన్ నడుస్తుంటేనే తయారవుతుంది. ఇంజన్ ఆగితే ఒకటి రెండు తొక్కుళ్ళకు సరిపోయేంత మిగులుతుంది, తర్వాత పెడల్ రాయిలా బిగుసుకుపోతుంది. స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది.

దిగేటప్పుడు ఘాటైన మాడు వాసన వచ్చినా, పెడల్ ముందుకన్నా లోతుకు వెళ్తున్నా, తొక్కినంత పట్టు రాకపోయినా పక్కన ఖాళీ ఉన్నచోట ఆపండి. రివర్స్ గేర్‌లో పెట్టి, చక్రం కింద రాయి వేసి, అరగంట వదిలేయండి. చల్లబరుస్తామని చక్రాల మీద నీళ్ళు మాత్రం పోయకండి. ఎర్రగా కాగిన డిస్కు నీళ్ళు పడితే వంకరపోతుంది, పగలొచ్చు కూడా. ఒకవేళ బ్రేక్ అసలే పడకపోతే, పెడల్ వెంటవెంటనే కొట్టండి, కొన్నిసార్లు కాస్త ప్రెజర్ తిరిగొస్తుంది. ఒక్కో గేర్ దించుకుంటూ రండి, హ్యాండ్ బ్రేక్ బటన్ నొక్కి పట్టుకుని కొద్దికొద్దిగా లాగండి. ఒక్కసారే లాగితే వెనక చక్రాలు పట్టేసి బండి తిరిగిపోతుంది. అప్పటికీ ఆగకపోతే లోయ వైపు కాదు, కొండ వైపు గోడకు రాసుకుంటూ ఆపడమే. ఇది మీకు అవసరం పడే అవకాశం చాలా తక్కువ. రెండో గేర్‌లో దిగినవాళ్ళకు ఇక్కడిదాకా రాదు.

బయల్దేరే ముందు మెకానిక్ దగ్గర ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు, వెనక చక్రాల బ్రేక్ లైనర్లు, టైర్లు చూపించండి, హ్యాండ్ బ్రేక్ టైట్ చేయించండి. సెకండ్ హ్యాండ్ కార్లలో అది వదులుగా ఉండడం మామూలే. హ్యాండ్ బ్రేక్ బాగా పడుతోందో లేదో ఎత్తు మీద ఆపి మీరే చూసుకోండి. కొండ మీద పార్క్ చేసేటప్పుడు హ్యాండ్ బ్రేక్‌తో పాటు గేర్‌లో ఉంచండి. బండి ముందు భాగం పైకి చూస్తుంటే ఒకటి, కిందికి చూస్తుంటే రివర్స్. మళ్ళీ స్టార్ట్ చేసేటప్పుడు క్లచ్ తొక్కి తాళం తిప్పడం మర్చిపోకండి.

తిరుగు ప్రయాణంలో అలిపిరి చేరగానే టిఫిన్ కోసం వెంటనే ఆపాలనిపిస్తుంది. ఆపకండి. చదునులో ఒకటి రెండు కిలోమీటర్లు బ్రేక్ పెద్దగా వాడకుండా నడిపి, డిస్కులు చల్లారాక ఆపండి. అప్పటికి మీ చేతులు కూడా స్టీరింగ్‌ను అంత గట్టిగా పట్టుకోవడం మానేసి ఉంటాయి.